మోకాలి చుట్టకుదురు: తీసేయాలా, కుట్టాలా?

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మోకాలివే. వాటిలోనూ 'మెనిస్కస్' (మోకాల్లో రెండు ఎముకల మధ్య కుదురులా ఉండే మెత్త) అన్న మాట మాటిమాటికీ కనబడింది. ఒకప్పుడు మా ఎముకల డాక్టర్ల నోట తప్ప వినబడని మాట ఇది. ఎంఆర్ఐ పుణ్యమా అని ఇప్పుడు ఇంటింటికీ తెలిసిపోయింది. అందుకని ఈ నెల జవాబులన్నీ దాని మీదే. పొడుగు ఉత్తరాలను కుదించాను. పేర్లు తీసేసి ఊరు మాత్రం ఉంచాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 20 ఏళ్లు. డిగ్రీ మూడో సంవత్సరం. కాలేజీ కబడ్డీ టీమ్‌లో రైడర్ని. ఐదు వారాల కిందట కూతకు వెళ్లి వెనక్కి తిరుగుతుంటే ఎడమ మడమ దొరకబుచ్చుకున్నారు. పాదం మ్యాట్ మీదే ఉండిపోయింది, ఒళ్లు తిరిగిపోయింది. లోపల ఏదో మెలిపడినట్టయింది. కుంటుకుంటూనే ఆట ముగించాను. తెల్లారేసరికి మోకాలు వాచింది. ఊళ్లో ఒకాయన లాగి కట్టు కట్టారు. వాపు తగ్గింది కానీ కాలు పూర్తిగా చాపలేకపోతున్నాను. ఎంఆర్ఐలో మెనిస్కస్ చిరిగిందని, 'బకెట్ హ్యాండిల్ టియర్' అని వచ్చింది. ఒక డాక్టరు గారు చిరిగిన ముక్క తీసేస్తే నెలన్నరలో ఆడొచ్చన్నారు. ఇంకో ఆయన కుట్టాలి, ఆరు నెలలు ఆట మాట ఎత్తొద్దన్నారు. మూడు నెలల్లో యూనివర్సిటీ సెలక్షన్లు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, తుని

జవాబు: కుట్టించుకో బాబూ. ఎందుకో చెప్పే ముందు నా మోకాలి సంగతి చెప్పాలి.

1987లో నాకు 21 ఏళ్లు. మెడికల్ కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఆడేవాణ్ణి. నెట్ దగ్గర ఎగిరి దిగేటప్పుడు కుడికాలు మెలిపడింది. నీకు జరిగిందే నాకూ జరిగింది. అప్పట్లో మా దగ్గర ఆర్థ్రోస్కోపు, అంటే చిన్న గాటులోంచి మోకాల్లోకి పంపే కెమెరా గొట్టం, లేదు. మోకాలి పక్కన మూడంగుళాలు కోసి, లోపలి వైపు మెనిస్కస్ మొత్తం తీసేశారు. మర్నాడు రౌండ్స్‌లో మా ప్రొఫెసర్ గారు దాన్ని సీసాలో పెట్టి తెచ్చి, "చూడవయ్యా, ఎంత శుభ్రంగా వచ్చిందో, ఒక్క ముక్క మిగల్లేదు" అన్నారు. నేను కూడా సంబరపడ్డాను. మూడు నెలల్లో మళ్లీ కోర్టులో ఉన్నాను. ఇరవై ఏళ్లు హాయిగా గడిచాయి. ఆ తర్వాత మెట్లు దిగేటప్పుడు పోటు మొదలైంది. ఇప్పుడు నా కుడి మోకాలు ఎక్స్-రే తీస్తే లోపలి వైపు రెండు ఎముకల మధ్య సందు లేదు. కాలు కొద్దిగా విల్లులా వంగింది. నేను మోకాళ్లకు ఆపరేషన్లు చేస్తాను, చేసేటప్పుడు స్టూలు మీద కూర్చుంటాను. మా థియేటర్ సిస్టర్లకు ఈ సంగతి తెలుసు, ఇప్పుడు నీకూ తెలిసింది.

మా ప్రొఫెసర్ గారిని తప్పుపట్టను. అది ఆనాటి పద్ధతి. కాకపోతే చిత్రమేమిటంటే, మెనిస్కస్ తీసేసిన మోకాళ్లు తర్వాత ఎలా పాడవుతాయో ఇంగ్లండులో ఫెయిర్‌బ్యాంక్ అనే సర్జన్ ఎక్స్-రేలతో సహా 1948లోనే రాసిపెట్టాడు. ఇంకా వెనక్కి వెళ్తే, స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో అన్నండేల్ అనే సర్జన్ 1883లోనే ఒక గని కార్మికుడి మోకాలు తెరిచి, ఊడిన మెనిస్కస్‌ను తీసేయకుండా కుట్టి పెట్టాడు. ఆ కుట్టు నా మోకాలి దాకా రావడానికి వందేళ్లు చాలలేదు.

మెనిస్కస్ అంటే ఏమిటో మీ ఇంట్లో పెద్దవాళ్లనడుగు, చుట్టకుదురు చూపిస్తారు. గుండ్రటి అడుగున్న కుండను చదునైన నేల మీద పెడితే దొర్లిపోతుంది కదా. కింద గడ్డితోనో గుడ్డతోనో చుట్టిన కుదురు పెడితే కదలకుండా కూర్చుంటుంది. తొడ ఎముక చివర గుండ్రంగా ఉంటుంది, కాలి ఎముక పైభాగం దాదాపు చదును. రెండింటి మధ్య, లోపలి వైపొకటి, బయటి వైపొకటి, నెలవంక ఆకారంలో రెండు కుదుళ్లుంటాయి. మెనిస్కస్ అన్న గ్రీకు మాటకు అర్థం కూడా చిన్న చంద్రుడే. కాలు చాపి నిలబడ్డప్పుడు మోకాలి మీది బరువులో సగం దాకా, మడిచినప్పుడు అంతకన్నా ఎక్కువ ఈ కుదుళ్ల మీంచే పోతుంది. అవి లేకపోతే అదే బరువు చిన్న జాగా మీద పడి, అక్కడ ఒత్తిడి రెండు మూడు రెట్లవుతుంది. ఎముక చివర నున్నటి పొర, మనవాళ్లు 'గుజ్జు' అంటారే అది, అక్కడ అరగడం మొదలుపెడుతుంది. ఇరవైల్లో తీసేస్తే నలభైల్లో తెలుస్తుంది.

మరి అందరికీ కుట్టొచ్చు కదా అంటే, కుదరదు. మా గోదావరి కాలవల కింద శివారు చేల సంగతి నీకు తెలిసే ఉంటుంది, తుని వాడివి, తాండవ కింద అయినా అంతే. కాలవ గట్టు పక్క చేనుకు నీళ్లు దండిగా అందుతాయి, శివారు చేనుకు అందవు. మెనిస్కస్‌కు నెత్తురు బయటి అంచు నుంచే వస్తుంది. ఆ అంచున పావు వంతు, మహా అయితే మూడో వంతు దాకా రక్తనాళాలుంటాయి. అక్కడ చిరిగితే కుట్టు అతుక్కుంటుంది. మధ్యలో చిరిగితే అతకొచ్చు, అతక్కపోవచ్చు. లోపలి అంచు శివారు చేను, అక్కడ కుట్టినా అతుక్కోవడం కష్టం. అక్కడి ముక్కను వీలైనంత తక్కువ కత్తిరించి నునుపు చేయడమే మేలు. బకెట్ హ్యాండిల్ టియర్ చాలాసార్లు బయటి అంచుకు దగ్గరగానే పడుతుంది. నీది కుర్ర వయసు, చిరిగి ఐదు వారాలే అయింది. కుట్టడానికి ఇంతకన్నా మంచి మోకాలు నాకు రోజూ దొరకదు.

బకెట్ చెయ్యి ఇటునుంచి అటు వాలినట్టు, చిరిగిన పట్టీ రెండు కొసలా అంటుకునే ఉండి మధ్యలోకి వాలిపోయింది. తలుపు కింద గుడ్డపీలిక ఇరుక్కుంటే తలుపు పూర్తిగా పడదు చూడు, నీ కాలు చాచలేకపోవడం అదే. ఆ స్థితిలో దాని మీద నడిచినకొద్దీ పట్టీ నలిగి, పీచు తేలి, కుట్టుకు పనికిరాకుండా పోతుంది. అందుకని నెలలు ఆగొద్దు, వారాల్లో పని కానివ్వు. మళ్లీ ఎవరి చేతా లాగించుకోవద్దు.

ఆపరేషన్ ఎలా ఉంటుందో చెబుతాను, టెన్షన్ తగ్గుతుంది. నడుముకు మత్తు ఇస్తారు. నువ్వు మెలకువగానే ఉంటావు, కావాలంటే టీవీ తెర మీద నీ మోకాలు నువ్వే చూడొచ్చు. మోకాలి చిప్ప కింద అటొకటి ఇటొకటి, సెంటీమీటరు కన్నా చిన్న గాట్లు రెండు. ఒక గాటులోంచి 4 మిల్లీమీటర్ల మందం ఉన్న కెమెరా గొట్టం, ఇంకో గాటులోంచి చిన్న కొక్కెం. లోపల సెలైన్ పారుతూ ఉంటుంది. కుర్రవాళ్ల మెనిస్కస్ లేత కొబ్బరిలా తెల్లగా మెరుస్తుంది. నీ మోకాల్లో మాత్రం ఆ తెల్లటి పట్టీ మధ్య సందులో అడ్డంగా పడుంటుంది. మొద్దు కడ్డీతో మెల్లగా నెడితే టప్పున వెనక్కి వెళ్లి తన చోట కూర్చుంటుంది. ఆ క్షణమంటే ఇన్నేళ్లయినా నాకు ఇష్టమే.

అప్పుడు కుట్టేయం. ముందు చిరుగు రెండు అంచులనూ గీకి గరుకు చేస్తాం, కాస్త నెత్తురు చెమర్చాలి. పాత గోడ మీద కొత్త ప్లాస్టరింగ్ చేసే ముందు మేస్త్రీ గాట్లు పెడతాడే, అలాగన్నమాట. ఆ తర్వాత అర సెంటీమీటరుకొకటి చొప్పున కుట్లు. మెనిస్కస్‌లో నారలు ఎక్కువగా వంపు వెంబడే, చాపలో పేళ్లలా పరుచుకుని ఉంటాయి. పేళ్ల వెంబడి సూది పోనిస్తే దారం వాటి మధ్య నుంచి జారిపోతుంది, పేళ్లకు అడ్డంగా నాలుగింటిని కలిపి పట్టుకుంటే నిలుస్తుంది. అందుకే నిలువు కుట్టు వేస్తాం. కొందరు పొడవాటి సూదులు లోపలి నుంచి బయటికి పంపి, మోకాలి వెనక చిన్న కోతలో ముడి వేస్తారు. కొందరు లోపలే ముడి పడే రెడీమేడ్ పరికరం వాడతారు. రెండూ మంచివే. ఆ పరికరం ఒక్కోటి వేలల్లో ఉంటుంది, ఎన్ని పట్టొచ్చో ముందే అడుగు. ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద చేయించుకునేట్టయితే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ల దగ్గర, ఇన్సూరెన్స్ అయితే కంపెనీ దగ్గర, ఈ పరికరాలు కలుస్తాయో లేదో ఆపరేషన్‌కు ముందే రాతలో తీసుకో.

డాక్టరు గారిని అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, మోకాలి లోపల రెండు ఎముకలనూ పట్టి ఉంచే ముందువైపు లిగమెంటు, అదే ఏసీఎల్, బాగుందా అని. కబడ్డీలో ఈ రెండూ జంటగా తెగడం తరచూ చూస్తుంటాం. అది తెగి ఉంటే దాన్నీ కలిపి సరిచేయాలి, లేకపోతే మోకాలు జారి కుట్లు తెగుతాయి. రెండు, లోపలికి వెళ్లి చూశాక కుట్టడానికి వీలుంటే కుట్టే ఏర్పాటుతోనే వెళ్తున్నారా అని. కొన్నిచోట్ల కత్తిరించే సామాను మాత్రమే సిద్ధంగా ఉంటుంది.

కుట్టు తప్పకుండా అతుకుతుందా అంటే, మాట ఇవ్వలేను. సుమారు ఐదుగురిలో ఒకరికి కొన్నేళ్లలో మళ్లీ చిరిగి ఇంకో ఆపరేషన్ అవసరమవుతోంది. అయినా సరే, ముందు కుట్టి చూడమనే అంటాను. కుట్టింది తెగితే అప్పుడు కత్తిరించొచ్చు. కత్తిరించింది మళ్లీ మొలవదు.

ఇక సెలక్షన్లు. ఈసారికి అవి లేవనుకో. ఆరు వారాలు బ్రేస్, చంక కర్రలు. మడత 90 డిగ్రీలు దాటకూడదు. నాలుగో నెలలో మెల్లగా పరుగు. ఆరో నెల దగ్గర, రెండు కాళ్ల బలం సమానమయ్యాక, కబడ్డీ. ముక్క తీయించుకుని ఈ సెలక్షన్లకు వెళ్లొచ్చు, నిజమే. నేనూ అలాగే వెళ్లాను.

ప్రశ్న: నేను స్కూల్ టీచర్ని, 54 ఏళ్లు. నాలుగు నెలలుగా ఎడమ మోకాలి లోపలి వైపు నొప్పి. దెబ్బేమీ తగల్లేదు. మోకాలు పట్టేయడం లేదు. ఎంఆర్ఐలో 'మీడియల్ మెనిస్కస్ గ్రేడ్ 2' అని రాశారు. గ్రేడ్ 3 అయ్యేలోపే ఆర్థ్రోస్కోపీతో క్లీనింగ్ చేయించుకోమన్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు హాయిగా నిద్రపోండి. గ్రేడ్ అనగానే అందరూ క్యాన్సర్ స్టేజీలా లెక్కేసుకుంటున్నారు. ఇది అది కాదు. మెనిస్కస్ లోపల స్కానింగ్‌లో ఒక తెల్లటి గీత కనబడి, అది పైపొరను తాకకపోతే గ్రేడ్ 1, 2 అంటారు. అది చిరుగు కాదు, వయసుతో పాటు వచ్చే మార్పు. జుట్టు నెరిసినట్టే అనుకోండి. గీత పైపొర దాకా వస్తేనే గ్రేడ్ 3, దాన్నే చిరుగంటాం.

నిజంగా చిరుగే ఉందనుకుందాం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 50 దాటిన 991 మందికి, నొప్పితో సంబంధం లేకుండా మోకాళ్లకు ఎంఆర్ఐ తీసి 2008లో ఫలితాలు ప్రచురించారు. చిరుగులున్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. అంటే చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పి దానిదే అనలేం.

ఇంకో సంగతి చెబుతాను, మీ స్కూల్ పిల్లలకు సైన్సు పాఠంగా చెప్పొచ్చు. ఫిన్లాండులో 35 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు 146 మందిని తీసుకున్నారు. అందరికీ దెబ్బ తగలకుండా అరుగుదలతో మెనిస్కస్ చిరిగింది. అందరికీ కెమెరా లోపలికి పంపి చూశారు. తర్వాత సగం మందికి చిరుగు కత్తిరించారు. మిగతా సగానికి కత్తిరించినట్టు నటించారు. కత్తి లేని యంత్రాన్ని మోకాలికి ఆనించి తిప్పారు, సామాను అడిగారు, నీళ్ల చప్పుడు చేశారు, అంతే సమయం థియేటర్‌లో ఉంచారు. ఎవరికి ఏది జరిగిందో పేషెంట్లకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ సమానంగా బాగుపడ్డాయి. ఇది వచ్చింది 2013లో. ఇంత తేలాక కూడా 'క్లీనింగ్' అన్న మాట మన ఊళ్లలో వినబడుతూనే ఉంది. పూడిక తీయడానికి మోకాలేమన్నా చెరువా?

మీరు చేయాల్సింది మూడు నెలల వ్యాయామం. మూడు నెలలంటే మూడు నెలలే, పది రోజులు చేసి "ఏం తగ్గలేదు డాక్టర్ గారూ" అనకూడదు. కాలు చాపి మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు దాన్ని కిందికి నొక్కండి, వదలండి. పదిహేనుసార్లు, రోజుకు మూడు పూటలు. రెండో వారం నుంచి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు. క్లాసులో గంటల తరబడి నిలబడకండి, మధ్యమధ్య కూర్చుని చెప్పండి. బరువు నాలుగైదు కిలోలు తగ్గినా మోకాలికి తేడా తెలుస్తుంది. అమెరికాలోనే 351 మంది మీద చేసిన ఇంకో పరిశీలనలో, ముందు ఫిజియోథెరపీ ఇచ్చినవాళ్లలో ఆరు నెలల్లోపు ఆపరేషన్ కావాలనుకున్నవాళ్లు పదిమందిలో ముగ్గురే.

మోకాలు నిజంగా పట్టేసి చాచలేకపోయినా, మూడు నెలలు ఒళ్లొంచి చేశాక కూడా తగ్గకపోయినా అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం.

ప్రశ్న: మా అమ్మకు 51. పోయిన నెల వ్రతం చేసుకుని పీట మీంచి లేస్తుంటే మోకాలి వెనక 'టప్'మని చప్పుడైంది, పక్కనున్న మా అత్తకు కూడా వినబడిందట. అప్పట్నుంచి నాలుగడుగులు వేయలేకపోతోంది. ఎంఆర్ఐలో 'రూట్ టియర్', 'ఎక్స్‌ట్రూజన్' అని ఉంది. వయసు వల్లే, మాత్రలు వాడమన్నారు. పోయిన నెల మీ జవాబులో వయసు చిరుగులకు ఆపరేషన్ వద్దన్నారు కదా, వదిలేయమంటారా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వదిలేయొద్దమ్మా. ఇది వేరే జాతి.

పోయిన నెల చెప్పిన మాట, పైన ఒంగోలు టీచర్ గారికి చెప్పిన మాట, రెండూ దీనికి వర్తించవు. మెనిస్కస్ రెండు కొసలూ ఎముకలో గట్టిగా పాతుకుని ఉంటాయి, వాటినే రూట్ అంటారు. చుట్టకుదురుకు ముడి ఊడిపోతే ఏమవుతుంది? గడ్డి అంతా ఉన్నా కుండ బరువుకు అది వెడల్పుగా విప్పుకుపోతుంది. మెనిస్కస్ అలా పక్కకు జరిగిపోవడమే ఎక్స్‌ట్రూజన్. 3 మిల్లీమీటర్లు దాటిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోం. వెనక వేరు ఊడిన మోకాలు, మెనిస్కస్ మొత్తం తీసేసిన మోకాలు, బరువు మోయడంలో రెండూ ఒకటే. అందుకే కొందరికి నెలల్లోనే మోకాలు దిగజారిపోతుంది.

నేల మీద కూర్చుని లేచే మన దేశాల్లో, నడివయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ చూస్తాం. కథ దాదాపు ఎప్పుడూ ఇదే: పీట మీంచో, బాత్రూమ్‌లో గొంతుక్కూర్చునో లేస్తుంటే ఒక్క చప్పుడు. అలా తేదీతో సహా చెప్పారంటే ఎంఆర్ఐ చూడకముందే నాకు అనుమానం వస్తుంది.

మీరు రేపే చేయించాల్సింది నిలబెట్టి తీసే ఎక్స్-రే. పడుకోబెట్టి తీసింది దీనికి పనికిరాదు, బరువు మీద ఉన్నప్పుడే సందు ఎంత మిగిలిందో తెలుస్తుంది. సందు బాగుండి, కాలు వంగకుండా ఉంటే వేరు కుట్టించడం మంచిది. కాలి ఎముకలో సన్నటి సొరంగం తొలిచి, మెనిస్కస్ కొసకు వేసిన దారాలను అందులోంచి ముందుకు లాగి, చిన్న బటన్‌తో బిగిస్తారు. తర్వాత ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదు. ఇది చిన్న విషయం కాదు, ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలి, కమోడ్ ఉండాలి, వాకర్ ఉండాలి. ఇప్పటికే గుజ్జు బాగా అరిగి ఉంటే కుట్టు దండగ, అప్పుడు దారి వేరు.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, 33 ఏళ్లు. షటిల్ ఆడుతూ పడ్డాను. మెనిస్కస్ రిపేర్ అయి మూడు వారాలు. నొప్పి అసలు లేదు. బ్రేస్ తీసేసి మామూలుగా నడవొచ్చా? స్కూటర్ ఎప్పుడు నడపొచ్చు? మోకాలి లోపలి వైపు కొంచెం చోటు మొద్దుబారినట్టుంది. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నొప్పి లేకపోవడమే ఈ ఆపరేషన్‌లో వచ్చే పెద్ద ప్రమాదం. ఇప్పుడు మీ మెనిస్కస్‌ను పట్టుకున్నది దారమే, కండ ఇంకా కాదు.

నాకో పేషెంటు ఉండేవాడు, చాలా బుద్ధిమంతుడు, బ్రేస్ పెట్టుకునే నిద్రపోయేవాడు. ఐదో వారంలో సొంతింటి గృహప్రవేశం వచ్చింది. పంతులు గారు పీటల మీద కూర్చోమన్నారు. "కుర్చీ వేయమని చెప్పకపోయావా" అంటే, "అందరూ చూస్తున్నారు సార్, మొహమాటమేసింది" అన్నాడు. బాసింపట్టు వేసుకుని గంటన్నర కూర్చున్నాడు. మళ్లీ కెమెరా పెట్టి చూస్తే మూడు కుట్లలో రెండు తెగి ఉన్నాయి. ఆరోజు సత్యనారాయణస్వామి ప్రసాదం నేనూ తిన్నాను, కానీ ఫోటోల్లో వాడు కూర్చున్న తీరు తర్వాతే చూశాను.

ఆరు వారాల దాకా మీ డాక్టరు గారు చెప్పిన కోణం దాటి మడవకండి. నేల మీద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ నాలుగు నెలల తర్వాతే. స్కూటర్ సుమారు ఏడెనిమిది వారాలకు, అదీ సడెన్‌గా కాలు నేలకు తన్ని నిలదొక్కుకోగలనన్న నమ్మకం వచ్చాక. మొద్దుబారడం అక్కడి చర్మపు నరం కదలడం వల్ల, చాలామందికి నెలల మీద తగ్గుతుంది. పిక్క గట్టిపడి వాచినా, జ్వరం వచ్చి మోకాలు వేడెక్కినా మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఫోన్‌లో ఫోటో పంపి ఊరుకోకండి.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది. అరమండి నుంచి లేచినప్పుడల్లా మోకాలి బయటి వైపు 'టక్' అంటుంది. నొప్పి లేదంటుంది. 'డిస్కాయిడ్' అన్నారు. నాట్యం మాన్పించాలా? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: మాన్పించకండి. కొందరు పిల్లలకు బయటి మెనిస్కస్ నెలవంకలా కాకుండా పుట్టుకతోనే బిళ్లలా ఉంటుంది. జపాన్, కొరియాల్లో ఇది మరీ ఎక్కువ. చప్పుడొక్కటే అయితే ఏమీ చేయక్కర్లేదు. నొప్పి, వాపు, కాలు పట్టేయడం మొదలైతే కెమెరాతో మధ్యభాగం తొలిచి నెలవంకలా చేసి, అంచు వదులుగా ఉంటే కుడతారు. పూర్తిగా మాత్రం తీయించకండి, ఎవరు చెప్పినా సరే. నాట్యం నేర్పే గురువు గారికి సంగతి చెప్పి ఉంచండి, పాప ఆగినప్పుడు కోప్పడకుండా.

ప్రశ్న: మెనిస్కస్ చిరుగుకు గుజ్జు ఇంజెక్షన్ వేస్తే అతుక్కుంటుందా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అతుక్కోదు. ఆ జెల్ జిగురు కాదు. అరిగిన మోకాల్లో కొందరికి కొన్నాళ్లు నొప్పి తగ్గితే తగ్గొచ్చు, చిరుగుకు దాంతో పనిలేదు.

ప్రశ్న: నాకు 47. మూడు నెలల కిందట కుడి మోకాల్లో చిరిగిన మెనిస్కస్ ముక్క కొంచెం కత్తిరించారు. ఇప్పుడు నడక బాగుంది. ఆపరేషన్ బాగా జరిగితే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. ఎక్కొచ్చా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఎక్కొచ్చు, కాకపోతే ఈ నెల కాదు. ఇంకో రెండు నెలలు తొడ కండ పెంచండి. మీ అపార్ట్‌మెంట్ మెట్లు రోజూ ఎక్కి, లిఫ్టులో దిగండి. వాపు లేకుండా ఇరవై అంతస్తులు ఆగి ఆగి ఎక్కగలిగిన రోజున ప్రయాణం పెట్టుకోండి. అలిపిరి దారిలో మెట్లు 3,550. శ్రీవారి మెట్టు దారిలో 2,388 అయినా అది నిలువుగా ఉంటుంది, మీకు అలిపిరే నయం. గాలిగోపురం దాకా మొదటి భాగమే ఎక్కువ కష్టం, అక్కడ ఆగండి. తర్వాత చాలా దూరం చదునే. చివర్లో మోకాళ్ల పర్వతం వస్తుంది. రామానుజులవారు ఆ మెట్లు మోకాళ్ల మీద ఎక్కారని చెబుతారు, ఇప్పటికీ కొందరు భక్తులు అలాగే ఎక్కుతారు. మీరు మాత్రం పాదాలతో ఎక్కండి, స్వామి ఏమీ అనుకోడు.

దిగేటప్పుడు మాత్రం బస్సు. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే భారం. మొక్కులో దిగే మాట లేదు కదా. నేను ఏడాదికోసారి వెళ్తాను. పక్కవాళ్ల కన్నా గంటన్నర ఆలస్యంగా పైకి చేరతాను, కిందికి బస్సులో కిటికీ పక్క సీటు చూసుకుంటాను.